దాటేది ఒక్క ఛానల్, సరిహద్దులు మాత్రం అనేకం: బ్రిటన్ నుంచి కారులో యూరప్ ప్రయాణానికి సన్నాహం

ఇంగ్లండ్ ఆగ్నేయపు కొసన ఉన్న ఫోక్‌స్టోన్‌లో కారును నేరుగా రైలు పెట్టెలోకి నడిపించి, ఇంజను ఆపి, సీటులోనే కూర్చుంటే 35 నిమిషాలలో ఫ్రాన్సులోని కాలే పట్టణం పక్కనున్న కోకెల్ చేరుకుంటాం. 1994 మే 6న ఎలిజబెత్ రాణి, ఫ్రాన్సు అధ్యక్షుడు మితెరాఁ కలిసి ప్రారంభించిన ఈ ఛానల్ సొరంగం పొడవు 50 కి.మీ. పైచిలుకు కాగా, అందులో దాదాపు 38 కి.మీ. సముద్రగర్భం కిందనే సాగుతుంది. ఒక దేశం నుంచి మరో దేశానికి ఇంత తేలికగా కారుతో సహా వెళ్లగలగడం వల్లనే, బ్రిటన్‌లో స్థిరపడిన అనేక కుటుంబాలు వేసవి సెలవులు దగ్గర పడగానే పటం ముందు పెట్టుకుని పారిస్, లూసర్న్, వెనిస్ అంటూ ఊళ్ల పేర్లు రాసుకోవడం, హోటళ్లు బుక్ చేసుకోవడం మొదలుపెడతాయి. చిక్కు అక్కడే ఉంది. ఈ ప్రయాణంలో అన్నిటికంటే సులభంగా మార్చుకోగలిగేవి దారి, హోటలు; మన చేతిలో లేనివి, నెలల తరబడి సమయం తీసుకునేవి మనుషుల కాగితాలు. కాబట్టి పని మొదలుపెట్టవలసింది ఆ చివర నుంచి.

యూరప్ అని ఒక్క మాటలో అంటాం గాని, కారు డ్రైవరుకు ఎదురయ్యేది ఒకదాని మీద ఒకటి పరిచిన నాలుగైదు పటాలు. మనుషుల రాకపోకలకు షెంగెన్ (తమ మధ్య సరిహద్దులలో మామూలుగా పాస్‌పోర్టు తనిఖీలు లేని దేశాల కూటమి) పటం ఒకటి, సరుకులకు ఐరోపా సమాఖ్య కస్టమ్స్ పటం మరొకటి, డబ్బుకు యూరో పటం ఇంకొకటి, రహదారి రుసుములకు దేశానికొకటి, నగరాల పొగ నిబంధనలకు ఊరికొకటి. ఈ పటాల గీతలు ఒకదానితో ఒకటి కలవవు. స్విట్జర్లాండ్‌ను చూస్తే ఇది వెంటనే అర్థమవుతుంది: అది షెంగెన్‌లో ఉంది కనుక ఫ్రాన్సు నుంచి వచ్చేవారి పాస్‌పోర్టులను మామూలుగా అడగరు, ఐరోపా సమాఖ్యలో లేదు కనుక బాసెల్ సరిహద్దులో కస్టమ్స్ అధికారి డిక్కీ తెరిపించవచ్చు, కరెన్సీ ఫ్రాంకు, మోటారుమార్గం ఎక్కాలంటే ముందుగా వార్షిక రుసుము కట్టి ఉండాలి. ఐర్లాండ్ ఇందుకు తలకిందులు: ఐరోపా సమాఖ్యలో సభ్యదేశమే అయినా షెంగెన్‌లో లేదు. 2023 జనవరి 1న క్రొయేషియా షెంగెన్‌లో చేరగా, 2025 జనవరి 1 నుంచి బల్గేరియా, రుమేనియా భూసరిహద్దులు కూడా తెరుచుకున్నాయి కనుక ఇప్పుడా పటంలో 29 దేశాలు ఉన్నాయి. ఏ సరిహద్దు దగ్గర ఏ పటం మారుతోందో తెలుసుకోవడమే ఈ సన్నాహంలో సగం పని.

మనుషుల కాగితాలు: బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవారు

బ్రెగ్జిట్ తరువాతి పరివర్తన గడువు 2020 డిసెంబరు 31తో ముగిసినప్పటి నుంచి, బ్రిటిష్ పౌరులు షెంగెన్ దృష్టిలో పరదేశీయులే. వీసా అక్కరలేదు గాని రెండు షరతులున్నాయి. పాస్‌పోర్టు జారీ అయి, ప్రవేశించే రోజుకు 10 సంవత్సరాలు నిండి ఉండకూడదు; తిరిగి వచ్చే రోజు తరువాత కనీసం 3 నెలల గడువు మిగిలి ఉండాలి. మొదటి షరతు చాలామందిని తికమక పెడుతుంది. ఎందుకంటే 2018 సెప్టెంబరు వరకు బ్రిటన్‌లో పాస్‌పోర్టు పునరుద్ధరించుకున్నప్పుడు, పాతదానిలో మిగిలిన నెలలను, గరిష్ఠంగా తొమ్మిది వరకు, కొత్తదానికి కలిపి ఇచ్చేవారు. అలాంటి పాస్‌పోర్టు మీద గడువు తేదీ ఇంకా దూరంగానే కనబడుతుంది, కాని జారీ తేదీ నుంచి పదేళ్లు నిండిపోయి ఉంటే డోవర్‌లోనే ఫ్రెంచ్ అధికారి వెనక్కి పంపుతారు. అందువల్ల ముందు చూడవలసింది గడువు తేదీని కాదు, జారీ తేదీని.

ఇక 180 రోజులలో 90 రోజుల నిబంధన. ఇది పైకి సరళంగా కనిపించినా, లెక్క వేయడం దగ్గర తెలివైనవారు కూడా పొరబడతారు. జనవరి నుంచి జూన్ వరకు ఒక ఖాతా, జూలై నుంచి మరో ఖాతా అన్నట్లుగా ఇది నడవదు. షెంగెన్‌లో ఉన్న ప్రతి రోజూ, ఆ రోజుతో కలిపి వెనక్కి 180 రోజులు లెక్కపెట్టి, అందులో ఎన్ని రోజులు అక్కడ ఉన్నామో చూస్తారు. ఆ సంఖ్య ఏనాడూ 90 దాటకూడదు. ప్రవేశించిన రోజు, వెళ్లిపోయిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. ఉదాహరణకు, ఉద్యోగ విరమణ చేసిన దంపతులు ఏప్రిల్ 1 నుంచి మే 30 వరకు స్పెయిన్‌లో 60 రోజులు గడిపి వచ్చారనుకుందాం. వారు మళ్లీ ఆగస్టు 1న కాలేలో దిగితే, ఆ 60 రోజులూ ఇంకా లెక్కలోనే ఉన్నాయి కనుక 30 రోజులకే 90 నిండిపోతాయి. ఆగస్టు 30న బయటికి వచ్చి తీరాలి. అదే దంపతులు ఒక్క నెల ఆగి సెప్టెంబరు 1న వెళితే, 28వ తేదీ నుంచి రోజుకొకటి చొప్పున ఏప్రిల్ నాటి రోజులు వెనుక నుంచి రాలిపోతూ ఉంటాయి. కొత్తగా చేరే రోజుకు, పాతగా పోయే రోజుకు సరిపోతూ వచ్చి, వారు నవంబరు 29 వరకు పూర్తి 90 రోజులు ఉండవచ్చు. ఒక నెల నిరీక్షణతో రెండు నెలల వ్యవధి కలిసివస్తోంది. కారవాన్‌లలో దీర్ఘకాలం తిరిగేవారు కాగితం మీద ఈ లెక్క వేసుకోకుండా తేదీలు ఖాయం చేసుకోకూడదు. ఐరోపా సమాఖ్య వారి అధికారిక గణన సాధనం కూడా ఉచితంగానే అందుబాటులో ఉంది.

ఇదివరకు ఈ లెక్క పాస్‌పోర్టులోని ముద్రల మీద ఆధారపడేది, ముద్ర సరిగా పడకపోతే వాదనకు కొంత తావుండేది. 2025 అక్టోబరు 12న దశలవారీగా మొదలై 2026 ఏప్రిల్ 10 నాటికి పూర్తిగా అమలు కావాలని గడువు పెట్టుకున్న ప్రవేశ-నిష్క్రమణ వ్యవస్థ ఆ తావును తీసివేసింది. మొదటిసారి వెళ్లినప్పుడు ముఖచిత్రం, వేలిముద్రలు తీసుకుని నమోదు చేస్తారు. 12 ఏళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు ఉండవు. ఆ తరువాత రోజుల లెక్కను యంత్రమే వేస్తుంది. డోవర్, ఫోక్‌స్టోన్‌ల ప్రత్యేకత ఏమిటంటే, ఫ్రెంచ్ సరిహద్దు తనిఖీ ఇంగ్లండ్ గడ్డ మీదనే, ఓడ లేదా రైలు ఎక్కక ముందే జరుగుతుంది. కనుక ఆలస్యం జరిగితే దాని ప్రభావం నేరుగా మనం కొన్న టికెట్టు సమయం మీద పడుతుంది. పోర్ట్స్‌మత్ వంటి రేవుల నుంచి వెళ్లేవారికి ఆ తనిఖీ అవతలి ఒడ్డున జరుగుతుంది కనుక ఓడ తప్పిపోతుందన్న భయం లేదు. దీనికి తోడు బ్రిటిష్ పౌరులకు ఎటియాస్ అనే ముందస్తు అనుమతి, 20 యూరోల రుసుముతో, 2026 చివరి త్రైమాసికంలో మొదలవుతుందని ప్రకటించారు. అది వీసా లేకుండా వెళ్లేవారికి మాత్రమే, వీసా తీసుకునేవారికి వర్తించదు.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు

బ్రిటన్‌లోని తెలుగు ఇళ్లలో ఒకే కుటుంబంలో రెండు రకాల పాస్‌పోర్టులు ఉండడం సాధారణం. భర్త బ్రిటిష్ పౌరుడై, భార్య భారతీయ పాస్‌పోర్టుతో ఉంటే, ఆయనకు వర్తించే వెసులుబాటు ఆమెకు వర్తించదు. బ్రిటన్‌లో ఎన్నేళ్ల నివాసహక్కు ఉన్నా, శాశ్వత నివాసమే ఉన్నా, షెంగెన్ వీసా తప్పదు. కుటుంబంలో వీసా కావలసినవారు ఒక్కరున్నా సరే, మొత్తం ప్రయాణపు కాలెండరును ఆ ఒక్కరిని బట్టి గీయాలి.

దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందు చేసి తీరాలి. పిల్లల బడికి సెలవులిచ్చాక జూలై 25న బయలుదేరాలనుకునే కుటుంబానికి ఆ తలుపు జనవరి 25న తెరుచుకుంటుంది. వసంతం వచ్చేసరికి దరఖాస్తు కేంద్రాలలో అపాయింట్‌మెంటు దొరకడమే కష్టమవుతుంది కనుక, జనవరి, ఫిబ్రవరి నెలలనే అసలు గడువుగా భావించడం మంచిదని నా గట్టి అభిప్రాయం. రుసుము 2024 జూన్ 11 నుంచి పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45 యూరోలు. ఆరేళ్లలోపు వారికి లేదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా, తిరిగి వచ్చాక ఇంకా కొన్ని నెలలు చెల్లే బ్రిటన్ నివాస అనుమతి చూపించాలి.

ఏ దేశానికి దరఖాస్తు చేయాలన్నది కారు ప్రయాణంలో ప్రత్యేకంగా ఆలోచించవలసిన విషయం. ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు చేయాలి, మొదట అడుగుపెట్టే దేశానికి కాదు. ఫ్రాన్సులో రెండు రాత్రులు, స్విట్జర్లాండ్‌లో ఐదు, ఇటలీలో నాలుగు అనుకుంటే స్విస్ వీసా కావాలి. స్విట్జర్లాండ్, ఇటలీ చెరి నాలుగు రాత్రులై, ఏది ముఖ్యమో తేల్చలేని పరిస్థితి వస్తే, అప్పుడు మొదట సరిహద్దు దాటే దేశం, అంటే కాలే మీదుగా వెళ్లేవారికి ఫ్రాన్సు, బాధ్యత తీసుకుంటుంది. ఒక రాత్రి అటూ ఇటూ అయితే దరఖాస్తు వెళ్లే కార్యాలయమే మారిపోతుంది. కాబట్టి ఊళ్ల జాబితా అందంగా తయారు చేసుకోవడానికి ముందే ఏ దేశంలో ఎన్ని రాత్రులన్నది ఖాయం చేసుకుని, హోటళ్లను మాత్రం రద్దు చేసుకోగలిగే షరతు మీదనే బుక్ చేసుకోవాలి.

వీసా ఒకసారి ప్రవేశానికా, ఎక్కువసార్లకా అన్నది కూడా రోడ్డు మీదనే తెలిసివస్తుంది. క్రొయేషియాలో స్ప్లిట్ నుంచి డుబ్రోవ్నిక్‌కు తీరం వెంట వెళ్లే పాత రోడ్డు న్యూమ్ అనే ఊరి దగ్గర కొన్ని కిలోమీటర్ల మేర బోస్నియా భూభాగంలో నడుస్తుంది. ఒకేసారి ప్రవేశానికి ఇచ్చిన వీసాతో ఆ గీత దాటితే షెంగెన్ నుంచి బయటికి వెళ్లినట్లే, తిరిగి లోపలికి రావడానికి హక్కు మిగలదు. 2022 జూలై 26న తెరిచిన పెల్యెషాత్స్ వంతెన మీదుగా వెళితే క్రొయేషియా దాటకుండానే డుబ్రోవ్నిక్ చేరవచ్చు. దారి చూపే యాప్‌కు మన వీసా సంగతి తెలియదు, అది రెండు దారులనూ ఒకే తీరుగా చూపిస్తుంది.

వేసవిలో హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చిన తల్లిదండ్రులను కారులో పారిస్ తీసుకువెళ్లాలన్న కోరిక చాలా ఇళ్లలో ఉంటుంది. అయితే షెంగెన్ వీసాను చట్టబద్ధంగా నివసించే దేశంలో అడగాలి. బ్రిటన్‌కు సందర్శకులుగా వచ్చినవారు ఇక్కడి నివాసులు కారు. తమ దేశంలో ఎందుకు దరఖాస్తు చేయలేకపోయారో కాన్సులేటును ఒప్పించగలిగితే తప్ప ఇక్కడ వారి దరఖాస్తును తీసుకోరు. అమ్మానాన్నలు విమానం ఎక్కక ముందే, ఇండియాలోనే, బ్రిటన్ వీసాతో పాటు షెంగెన్ వీసా కూడా తీసుకోవడం ఒక్కటే నమ్మదగిన మార్గం. పైగా 2024 ఏప్రిల్‌లో ఐరోపా సమాఖ్య తెచ్చిన సడలింపు, అంటే గత మూడేళ్లలో రెండు వీసాలను సక్రమంగా వాడుకున్నవారికి రెండేళ్ల వీసా ఇచ్చే ఏర్పాటు, ఇండియాలో నివసిస్తూ అక్కడ దరఖాస్తు చేసే భారతీయులకు ఉద్దేశించినదే. అందువల్ల ఇదివరకు రెండుసార్లు యూరప్ చూసివచ్చిన తల్లిదండ్రులకు మనకంటే ఎక్కువ కాలపు వీసా దొరికినా ఆశ్చర్యం లేదు.

కారు కాగితాలు

బ్రిటన్ ఫొటో లైసెన్సు ఐరోపా సమాఖ్య దేశాలలో చెల్లుతుంది, అంతర్జాతీయ అనుమతి పత్రం అక్కరలేదు. ఇండియా లైసెన్సుతో ఉన్నవారి సంగతి వేరు. బ్రిటన్‌లో నివాసం మొదలైన నాటి నుంచి 12 నెలల వరకే ఆ లైసెన్సుతో నడపవచ్చు, యూరప్‌లో నడపాలంటే ఇండియాలో జారీ చేసిన అంతర్జాతీయ అనుమతి పత్రం కూడా వెంట ఉండాలి. అన్నిటికంటే ముందు ఆ వ్యక్తి పేరు బీమాలో ఉండాలి.

కారు మన పేరు మీద ఉంటే వి5సి లాగ్‌బుక్కు, అంటే కారు రిజిస్ట్రేషను పత్రం, అసలు ప్రతి వెంట తీసుకువెళ్లాలి. ఐటీ ఉద్యోగాలలో ఉన్న మనవారు చాలామంది జీతంలో కోత పద్ధతిన కంపెనీ ద్వారా లీజుకు తీసుకున్న కార్లు నడుపుతున్నారు. అలాంటి కారు లాగ్‌బుక్కు మన దగ్గర ఉండదు. లీజు సంస్థను ముందుగా అడిగి, విదేశానికి తీసుకువెళ్లేందుకు అనుమతిని తెలిపే విఇ103 పత్రం తెప్పించుకోవాలి. అద్దె కార్లకూ ఇదే వర్తిస్తుంది.

బీమా విషయంలో ఒక అపోహ బాగా పాతుకుపోయి ఉంది. కారుకు బీమా ఉందని విదేశంలో చూపే గ్రీన్ కార్డు 2021 ఆగస్టు 2 నుంచి ఐరోపా సమాఖ్యలో అవసరం లేదన్నది నిజమే. కాని దాని అర్థం, ఎదుటివారికి జరిగిన నష్టానికి చట్టం కోరే కనీస బీమా ఉందని మాత్రమే. ఇంగ్లండ్‌లో మనకున్న సమగ్ర బీమా అదే స్థాయిలో ఫ్రాన్సులోనూ ఉంటుందని కాదు. కొన్ని పాలసీలు విదేశాలలో ఇన్ని రోజులే అని పరిమితి పెడతాయి. అల్బేనియా, టర్కీల దాకా వెళ్లేవారికి గ్రీన్ కార్డు ఇప్పటికీ కావాలి. దారిలో కారు ఆగిపోతే ఆదుకునే బ్రేక్‌డౌన్ సేవను కూడా యూరప్‌కు విస్తరింపజేసుకోవాలి. ఇక్కడ ఫ్రాన్సు పద్ధతి తెలిసి ఉండాలి: అక్కడి మోటారుమార్గం మీద ప్రభుత్వ అనుమతి పొందిన వాహనాలే కారును లాగి బయటికి తీసుకువెళ్లాలి, మన సేవాసంస్థ అక్కడికి రాలేదు. పక్కనున్న నారింజరంగు ఎమర్జెన్సీ ఫోనులోగాని 112 నంబరుకుగాని చెప్పి, వారికి డబ్బు కట్టి, రసీదు దాచుకుని తరువాత రాబట్టుకోవాలి.

2021 సెప్టెంబరు 28 నుంచి కారు వెనుక ఉండవలసిన గుర్తు జీబీ కాదు, యూకే. నంబరు ప్లేటు మీదే యూకే అక్షరాలు ఉంటే చాలా దేశాలలో విడిగా స్టిక్కరు అక్కరలేదు. స్పెయిన్‌లో మాత్రం ప్లేటు మీద ఏమున్నా స్టిక్కరు అంటించాలి. హెచ్చరిక త్రిభుజం, మెరిసే జాకెట్లు తప్పనిసరి. జాకెట్లు డిక్కీలో కాక చేతికందే చోట ఉండాలి, ఎందుకంటే కారు దిగక ముందే వేసుకోవాలి. బ్రిటన్ కార్ల హెడ్‌లైట్లు ఎడమ అంచు వైపు వెలుగు చిమ్మేలా అమరి ఉంటాయి. కుడివైపు నడిచే దేశంలో అదే వెలుగు ఎదుటి డ్రైవరు కళ్లలో పడుతుంది కనుక, వాటికి స్టిక్కర్లు అంటించడమో, కొత్త కార్లలో సెట్టింగు మార్చడమో చేయాలి.

రైలా, ఓడా

ఫోక్‌స్టోన్ రైలు వేగవంతమైనది, సముద్రం పడనివారికి ఇదే నయం. ఎల్‌పీజీతో నడిచే కార్లను మాత్రం సొరంగంలోకి రానివ్వరు. డోవర్ నుంచి కాలేకు ఓడలో గంటన్నర, డంకర్క్‌కు రెండు గంటలు. ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతాలవారు అలవాటుగా డోవర్ వైపే చూస్తారు గాని, హల్ నుంచి రోటర్‌డామ్‌కు, న్యూకాజిల్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ రేవుకు రాత్రి ఓడలున్నాయి. టికెట్టు ధర ఎక్కువే. అయితే అందులో ఒక రాత్రి బస, ఒక పగటి డ్రైవింగు, డోవర్ దాకా పెట్రోలు కలిసిపోతాయని లెక్క కట్టి చూస్తే తేడా అంతగా ఉండదు. స్పెయిన్ వెళ్లేవారికి పోర్ట్స్‌మత్, ప్లిమత్‌ల నుంచి శాంటాండేర్ వెళ్లే ఓడ ఫ్రాన్సు మొత్తాన్ని తప్పించి, వెయ్యి కిలోమీటర్లకు పైగా డ్రైవింగును ఆదా చేస్తుంది. టికెట్టు మీది వేళ మనం బయలుదేరే ఒడ్డు గడియారం ప్రకారం ఉంటుంది. ఫ్రాన్సు బ్రిటన్ కంటే గంట ముందుంటుంది కనుక తిరుగు ప్రయాణంలో ఇది మరవకూడదు.

రోడ్డు రుసుములు

నిజంగా లోతైన విషయం ఇది. రెడింగ్ నుంచి మిలాన్ వెళ్లే కుటుంబాన్నే తీసుకుందాం. కాలే నుంచి రాంస్‌కు 270 కి.మీ., అక్కడి నుంచి స్ట్రాస్‌బూర్‌కు 350, బాసెల్‌కు 140, లూసర్న్‌కు 100, గొట్‌హార్డ్ సొరంగం మీదుగా మిలాన్‌కు 245; మొత్తం సుమారు 1,100 కి.మీ. కాలే నుంచి మొదలయ్యే ఏ26 రహదారికి ఫ్రెంచివారు ఆంగ్లేయుల మోటారుమార్గం అని పేరు పెట్టుకున్నారు. ఈ ఒక్క దారిలోనే రెండు రకాల రుసుములు ఎదురవుతాయి.

ఫ్రాన్సు, ఇటలీలలో నడిచిన దూరాన్ని బట్టి చెల్లింపు: ఎక్కేటప్పుడు టికెట్టు, దిగేటప్పుడు డబ్బు. బ్రిటన్ కారులో స్టీరింగు కుడివైపున, టోల్ కిటికీ ఎడమవైపున ఉంటుంది కనుక ప్రతిసారీ పక్కసీటులోని వారే చేయి చాపాలి. ఒంటరిగా వెళ్లేవారు దిగి చుట్టూ తిరిగి రావాలి. అద్దానికి అంటించే ఎలక్ట్రానిక్ ట్యాగును ముందుగా తెప్పించుకుంటే ఈ అవస్థ పూర్తిగా తప్పుతుంది. ఫ్రాన్సులో కొన్ని రహదారులకు ఇప్పుడు టోల్‌గేట్లే లేవు. పారిస్ నుంచి నార్మండీ వైపు వెళ్లే ఏ13, ఏ14ల మీద కెమెరాలు నంబరు చదువుతాయి, 72 గంటలలోగా మనమే ఆన్‌లైన్‌లో కట్టాలి. గేటు లేదు కాబట్టి రోడ్డు ఉచితమనుకున్నవారికి తరువాత జరిమానా వస్తుంది.

స్విట్జర్లాండ్‌లో దూరంతో పని లేదు. సంవత్సరానికి 40 ఫ్రాంకుల విన్యెట్ (రహదారి రుసుము కట్టినట్లు చూపే చీటీ) ఒక్కటే, ఒక్క రోజుకైనా అదే ధర. అది లేకుండా పట్టుబడితే 200 ఫ్రాంకుల జరిమానాతో పాటు విన్యెట్ ధర కూడా కట్టాలి. 2023 ఆగస్టు నుంచి నంబరు ప్లేటుకు అనుసంధానమైన ఎలక్ట్రానిక్ విన్యెట్ వచ్చింది కనుక ఇంట్లో కూర్చునే కొనవచ్చు. 1980లో తెరిచిన 16.9 కి.మీ. గొట్‌హార్డ్ సొరంగానికి విడిగా రుసుము లేదు. ఫ్రాన్సు, ఇటలీల మధ్య 11.6 కి.మీ. మోఁ బ్లాఁ సొరంగానికి మాత్రం పెద్ద మొత్తమే కట్టాలి. మరమ్మతుల కోసం ఇటీవలి సంవత్సరాలలో శరత్కాలంలో దానిని వారాల తరబడి మూసివేస్తున్నారు కూడా. ఆస్ట్రియాలో ఒక రోజు, 10 రోజులు, రెండు నెలలు, సంవత్సరం అని విన్యెట్లు ఉన్నా, బ్రెన్నర్ వంటి మార్గాలకు అదనంగా చెల్లించాలి. జర్మనీలో కార్లకు రుసుమే లేదు. విదేశీ కార్ల మీద భారం పడేలా ఆ దేశం తలపెట్టిన పథకాన్ని ఐరోపా న్యాయస్థానం 2019 జూన్ 18న కొట్టివేసింది. బెల్జియం, లక్సెంబర్గ్‌లలో కూడా కార్లకు టోల్ లేదు. కాబట్టి కాలే నుంచి బ్రస్సెల్స్, లక్సెంబర్గ్, మెట్స్‌ల మీదుగా స్ట్రాస్‌బూర్ చేరే దారి దూరంలో దాదాపు సమానమే అయినా టోల్ బాగా తక్కువ, పైగా లక్సెంబర్గ్‌లో పెట్రోలు చవక. దీనికి మనం చెల్లించే మూల్యం బ్రస్సెల్స్ చుట్టూ ఉన్న ట్రాఫిక్కు. పిల్లలతో వెళ్లేవారికి ఖాళీగా సాగే ఏ26నే నేను సూచిస్తాను.

పెట్రోలు పంపు దగ్గర ఒక్క మాట. ఫ్రాన్సులో గజోల్, ఇటలీలో గజోలియో అంటే డీజిల్. పేరు వినగానే పెట్రోలు అనిపించే ఈ మాట వల్ల తప్పు ఇంధనం పోయించుకునే ప్రమాదం ఉంది. మోటారుమార్గం మీది బంకుల కంటే ఊళ్లలోని సూపర్‌మార్కెట్ బంకులలో ధర తక్కువ. ఎలక్ట్రిక్ కార్లవారికి మంచి వార్త ఏమిటంటే, వేగంగా ఛార్జ్ చేసే ప్లగ్ బ్రిటన్‌లోనూ యూరప్‌లోనూ ఒకటే. 2024 ఏప్రిల్ 13 తరువాత పెట్టిన వేగవంతమైన ఛార్జర్లలో మామూలు బ్యాంకు కార్డుతోనే చెల్లించగలిగి ఉండాలని ఐరోపా నిబంధన.

నగరాల్లోకి వెళ్లేటప్పుడు

మోటారుమార్గం దిగి నగరంలోకి వెళ్లగానే ఇంకో పటం మొదలవుతుంది. జర్మనీ నగరాలలో చాలా వాటికి ఆకుపచ్చ స్టిక్కరు కావాలి. బ్రస్సెల్స్, ఆంట్వర్ప్, ఘెంట్ నగరాలలో స్టిక్కరు లేదు గాని, బ్రిటన్ కారు ఎంత కొత్తదైనా ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. ఫ్రాన్సులో కారు పొగ స్థాయిని తెలిపే క్రిట్‌ఎయిర్ స్టిక్కరు ఆధారంగా నడిచే మండలాలను రద్దు చేయాలా వద్దా అన్నది 2025 నుంచి అక్కడి పార్లమెంటులో వివాదంగా మారింది కనుక, అలాంటి నగరంలోకి కారుతో వెళ్లదలచినవారు బయలుదేరే ముందు అధికారిక సైటులో చూసుకోవాలి. ఆ స్టిక్కరు ధర కొద్ది యూరోలే; అనేక రెట్లు వసూలు చేసే ప్రైవేటు సైట్లు వెతుకులాటలో ముందుగా కనిపిస్తాయి.

ఇటలీది వేరే తీరు. ఫ్లోరెన్స్, రోమ్, పీసా వంటి ఊళ్ల పాతబస్తీలలో అనుమతి లేని వాహనాలకు ప్రవేశం లేదు. పొగ ఎంత అన్నది కాదు, అక్కడ ఉండేవారా కాదా అన్నదే ప్రశ్న. గుండ్రని ఎర్ర అంచు బోర్డు దాటగానే కెమెరా నంబరు తీసుకుంటుంది. దారి తప్పి మూడుసార్లు దాటితే మూడు జరిమానాలు, అవి కూడా నెలల తరువాత తపాలాలో వస్తాయి. హోటలు ఆ పరిధిలోనే ఉంటే, నంబరును నమోదు చేయించమని ముందుగానే హోటలువారిని కోరాలి. లేదా ఊరి బయట కారు నిలిపి ట్రామ్ ఎక్కడం అన్నిటికంటే హాయి.

రోడ్డు మీది అలవాట్లు

కుడివైపు నడపడం గంటలో అలవాటవుతుంది. ప్రమాదం పొంచి ఉండేది తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద, పెట్రోలు బంకు నుంచి తిరిగి బయటికి వచ్చేటప్పుడు. చేతులు తమంతట తామే ఎడమవైపుకు తిప్పుతాయి. ఫ్రాన్సులో మోటారుమార్గం మీద పరిమితి గంటకు 130 కి.మీ., వాన పడితే 110. రెండు వరుసల మామూలు రోడ్ల మీద 2018 జూలై 1 నుంచి 80, అయితే కొన్ని జిల్లాలు తిరిగి 90కి మార్చుకున్నాయి. స్విట్జర్లాండ్‌లో 120. ఏ గుర్తూ లేని కూడళ్లలో కుడివైపు నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలన్న ఫ్రెంచ్ నియమం బ్రిటన్‌లో నేర్చుకున్నవారికి కొత్త. మద్యం పరిమితి ఇంగ్లండ్‌లో 100 మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాములు కాగా, ఫ్రాన్సులో 50 మాత్రమే. స్పీడ్ కెమెరాల జాడ చెప్పే యాప్‌లు ఫ్రాన్సు, జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో నిషిద్ధం; ఫోనులోని మ్యాపులో ఆ సదుపాయాన్ని ఆపివేయాలి.

ఏ రోజు బయలుదేరాలన్నది దూరమంత ముఖ్యమైనది. జూలై చివర, ఆగస్టు మొదటి శనివారాలలో ఫ్రాన్సు సగం సెలవులకు వెళుతూ, సగం తిరిగి వస్తూ ఉంటుంది. అక్కడి ట్రాఫిక్ సమాచార సేవ బిజాఁ ఫ్యూతే అలాంటి రోజులకు ముందే నలుపు రంగు వేసి ప్రకటిస్తుంది. ఆదివారాలు ఫ్రాన్సు, జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో భారీ లారీలు తిరగవు కనుక, పెద్ద దూరం వెళ్లవలసిన రోజును ఆదివారంగా పెట్టుకోవడం ఎంతో మేలు చేస్తుంది.

తిండి మూటలు

మన ఇళ్లలో దూరప్రయాణమంటే పులిహోర, పెరుగన్నం, సీసాడు నెయ్యి కట్టుకోకుండా కదలం. 2021 జనవరి 1 నుంచి బ్రిటన్ నుంచి ఐరోపా సమాఖ్యలోకి మాంసం, పాలు, పాల పదార్థాలు వ్యక్తిగత సామానులో తీసుకువెళ్లడం నిషిద్ధం. పెరుగు, నెయ్యి, పనీర్, చికెన్ కూర అన్నీ ఇందులోకే వస్తాయి. పసిపిల్లల పాలపొడికి మినహాయింపు ఉంది. తాజా కూరగాయలు, పండ్లకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, దురియన్‌లకు మాత్రం అక్కరలేదు. కనుక నూనె పోపు పెట్టిన పులిహోర వెళ్లవచ్చు, పెరుగు అక్కడ కొనుక్కోవాలి. బియ్యం, పప్పు, కారప్పొడులు, చిన్న కుక్కరు ఉంటే వంటగది ఉన్న బసలో పిల్లలకు కడుపునిండా పెట్టవచ్చు.

తిరిగి వచ్చేటప్పుడు కూడా ఇదే తీరు. పశువులలో గాలికుంటు వ్యాధి కొన్ని యూరప్ దేశాలలో బయటపడిన కారణంగా, 2025 ఏప్రిల్ 12 నుంచి అక్కడి మాంసాన్ని, చీజును బ్రిటన్‌లోకి సొంతానికి తీసుకురావడాన్ని ఇక్కడి ప్రభుత్వం నిషేధించింది. స్విట్జర్లాండ్‌లో కొన్న చాక్లెట్లకు ఇబ్బంది లేదు, ఆ పక్కనే కొన్న చీజు ముక్కను మాత్రం కాలే చేరక ముందే తినేయాలి.

కాలేలో, కోకెల్‌లో బ్రిటన్ అధికారులు ఫ్రాన్సు గడ్డ మీదనే పాస్‌పోర్టులు చూస్తారు. నివాస కార్డులు పోయి ఇ-వీసాలు వచ్చాక, మన నివాసహక్కు మొత్తం పాస్‌పోర్టు నంబరుకు ముడిపడి ఆన్‌లైన్ ఖాతాలో ఉంటోంది. భారతీయ పాస్‌పోర్టును ఈ మధ్య పునరుద్ధరించుకున్నవారు కొత్త నంబరును ఆ ఖాతాలో చేర్చకుండా ప్రయాణమైతే, వెళ్లేటప్పుడు షెంగెన్ వీసా చూసి ఎవరూ ఆపరు. రెండు వారాల తరువాత, సొంత ఇంటికి వచ్చే దారిలో, వెనుక సీటులో పిల్లలు నిద్రపోతూ ఉండగా, ఆ కిటికీ దగ్గర ఆగిపోవలసి వస్తుంది. ఖాతా తెరిచి నంబరు సరిచూసుకోవడానికి పట్టేది కొద్ది నిమిషాలే, ఆ పనిని వీసా దరఖాస్తు చేసిన రోజునే ముగించుకోవచ్చు.